కొత్త లైన్ కొనే ముందు ఆఫీసు స్విచ్‌ను సరిగ్గా పెట్టుకోవడం ఎలా?

"అన్నా, లైన్ 300 ఎంబీపీఎస్ తీసుకున్నాం. అయినా మధ్యాహ్నం మూడున్నర దాటితే చాలు, క్లయింట్ కాల్‌లో మా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. ఇంకో లైన్ తీసుకోమంటావా?"

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు చిన్న ఆఫీసుల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది. వెళ్లి చూస్తే రాక్‌లో మంచి మేనేజ్డ్ స్విచ్ (ఆఫీసు కేబుళ్లన్నీ కలిసే, సెట్టింగులు మార్చుకోగలిగే పెట్టె) ఉంటుంది, డబ్బులు పోసి కొన్నదే. అట్టపెట్టెలోంచి తీసి, కేబుళ్లు గుచ్చి, లైట్లు వెలిగాయి కదా అని వదిలేసి ఉంటారు. అందులో ఉన్న పనుల్లో సగం ఎవరూ ముట్టుకోలేదు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసిగి ఇక్కడ రాస్తున్నాను.

40 నుంచి 80 మంది పనిచేసే, ఒకటి రెండు అంతస్తుల ఆఫీసును మనసులో పెట్టుకుని రాశాను. స్కూలుకైనా క్లినిక్‌కైనా పెద్దగా తేడా ఉండదు. కంపెనీని బట్టి మెనూల పేర్లు అటూ ఇటూ మారతాయి, పని ఒకటే.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. స్విచ్ బ్యాండ్‌విడ్త్‌ను పుట్టించదు. ఇంట్లో ఎంత లావు పైపులు వేయించినా, వీధిలోంచి వచ్చే నల్లా కనెక్షన్ అర అంగుళమే అయితే సంపు నిండేది ఆ అర అంగుళం వేగంతోనే. మీ చేతిలో ఉన్నది ఎవరి బిందె ముందు నిండాలో తేల్చడం వరకే. ఆ వరుస కూడా పైపు సన్నబడే చోటే కట్టాలి. ఇంకెక్కడ కట్టినా దండగే.

కావలసినవి

మేనేజ్డ్ స్విచ్, దానికి సరిపోయే కన్సోల్ కేబుల్ (ల్యాప్‌టాప్ నుంచి నేరుగా స్విచ్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి; కొత్త మోడళ్లకు యూఎస్‌బీ సీ, పాతవాటికి నీలం రంగు చదును కేబుల్), రెండు ల్యాప్‌టాప్‌లు, క్యాట్6 ప్యాచ్ కార్డులు, లేబుల్ స్టిక్కర్లు, రౌటర్ లేదా ఫైర్‌వాల్ లాగిన్, ఒక ఎక్సెల్ షీట్. రెండు ల్యాప్‌టాప్‌లలోనూ రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలిచే ఐపెర్ఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి పెట్టుకోండి. ఆఫీసు మూసేశాక మూడు గంటల సమయం కావాలి. "లంచ్ టైంలో చేసేద్దాం" అని మాత్రం అనకండి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో స్విచ్ కొంటుంటే షాపతన్ని మూడు అడగండి. మేనేజ్డా, అన్‌మేనేజ్డా? పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు ఇవ్వడం) బడ్జెట్ ఎన్ని వాట్లు? క్లౌడ్ లైసెన్స్ ఉందా, అది అయిపోయాక స్విచ్ ఏమవుతుంది? మూడో ప్రశ్న ఎవరూ అడగరు. లైసెన్స్ ముగిశాక కొన్ని కంపెనీల స్విచ్‌లు మామూలుగా నడుస్తూనే ఉంటాయి, కొన్నింట్లో డాష్‌బోర్డ్ మూసుకుపోతుంది. బిల్లు కట్టకముందే తేల్చుకోండి.

పీఓఈ లెక్క ఇలా వేయండి. 12 కెమెరాలు ఒక్కోటి 7 వాట్లు అంటే 84. ఆరు వైఫై యాక్సెస్ పాయింట్లు 20 చొప్పున 120. పది ఐపీ ఫోన్లు 5 చొప్పున 50. మొత్తం 254 వాట్లు. 370 వాట్ల స్విచ్ తీసుకుంటే ఊపిరి ఆడుతుంది. పోర్టులు సరిపోయాయి కదా అని 190 వాట్లది తెస్తే, రాత్రి కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగే వేళకు ఒక్కొక్కటే ఆరిపోతాయి. పగలు వచ్చిన టెక్నీషియన్‌కు అంతా బాగానే కనిపిస్తుంది!

1. ముందు కొలవండి, తర్వాతే ముట్టుకోండి

ఒక ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా కేబుల్‌తో కలపండి. రెండు కిటికీలు తెరిచి ఒకదాంట్లో మీ రౌటర్ ఐపీకి, ఇంకోదాంట్లో 8.8.8.8కి (గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తోందో చూసే పరీక్ష) పెట్టండి. పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, గొడవ వచ్చే వేళ ఒకసారి చూసి అంకెలు రాసుకోండి.

రౌటర్‌కే పింగ్ పదులు, వందల మిల్లీసెకన్లకు పోతుంటే తప్పు లోపలే ఉంది: కేబుల్, లూప్ (కేబుల్ తిరిగి అదే నెట్‌వర్క్‌లోకి చుట్టుకోవడం), స్విచ్, ఒక్కోసారి రౌటరే. రౌటర్‌కు 1 మిల్లీసెకను ఉండి బయటికి మాత్రమే పెరుగుతుంటే మీ లైన్ నిండిపోతోందన్న మాట, ముఖ్యంగా అప్‌లోడ్ వైపు. స్పీడ్‌టెస్ట్‌లో అందరూ డౌన్‌లోడ్ చూసి మురిసిపోతారు. మీ గొంతు బయటికి వెళ్లేది అప్‌లోడ్‌లో.

పైన చెప్పిన మూడున్నర ఆఫీసులో పొద్దున 6 మిల్లీసెకన్లున్న పింగ్ మధ్యాహ్నానికి 380 అయింది. స్విచ్‌లో పోర్టువారీ ట్రాఫిక్ చూస్తే 17వ పోర్టు ఒక్కటే అప్‌లోడ్ మొత్తం మింగుతోంది. కేబుల్ పట్టుకుని వెళ్తే ఫైళ్లు దాచే ఎన్ఏఎస్ పెట్టె. క్లౌడ్ బ్యాకప్‌ను బుద్ధిగా రాత్రి 2 గంటలకే పెట్టారు. కాకపోతే ఆ పెట్టెలో గడియారం కాలిఫోర్నియా టైంలో ఉంది. చలికాలంలో అక్కడ రాత్రి 2 అంటే మనకు మధ్యాహ్నం మూడున్నర. ఆ ఒక్క టైమ్‌జోన్ మార్చడంతోనే సగం గొడవ తీరింది. ఇంటర్నెట్ కంపెనీవాళ్లను ఆ నెలలో ఎన్ని మాటలు అని ఉంటారో! ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.

2. కాగితం మీద వీల్యాన్లు గీయండి

వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో విడివిడిగా గీసుకున్న నెట్‌వర్క్. నేను సాధారణంగా పెట్టేవి: 10 స్టాఫ్, 20 ఫోన్లు, 30 కెమెరాలు, 40 గెస్ట్ వైఫై, 99 మేనేజ్‌మెంట్. ఐపీలు కూడా అదే అంకెతో, 192.168.10, 192.168.20 అలా పెట్టుకుంటే ఐపీ చూడగానే ఏ వీల్యానో తెలిసిపోతుంది. ఇంతకన్నా ఎక్కువ వద్దు. 60 మంది ఆఫీసులో 14 వీల్యాన్లు చూశాను, పెట్టినతను ఉద్యోగం మానేశాక దేనికేదో ఎవరికీ అంతుపట్టలేదు.

ఎక్సెల్ షీట్‌లో పోర్టు నంబరు, గోడ మీద జాక్ నంబరు, వీల్యాన్, ఎవరి సీటు, ఇవి నాలుగు కాలమ్‌లు. బోర్ కొట్టే పని, నిజమే. కానీ ఇది లేకుండా తర్వాత అడుగులు వేయకండి.

3. రాక్‌లో బిగించకముందే బల్ల మీద సిద్ధం చేయండి

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. టైమ్‌జోన్ 5:30 పెట్టి ఎన్‌టీపీ (గడియారాన్ని ఇంటర్నెట్ నుంచి సరిచేసుకునేది) ఆన్ చేయండి, ఎందుకో పైన చదివారు కదా. దూరం నుంచి లాగిన్‌కు, పాస్‌వర్డ్‌ను దాచకుండా పంపే టెల్‌నెట్ ఆపేసి, దాచి పంపే ఎస్ఎస్‌హెచ్ ఉంచండి.

రాక్ ఎక్కడ పెడుతున్నారో కూడా ఇప్పుడే చూడండి. పాంట్రీ పక్కన, తలుపు మూసిన స్టోర్‌రూమ్‌లో, పైన పాత ఫైళ్లు పేర్చి: మన ఊళ్లో సగం రాక్‌ల గతి ఇదే. మే నెలలో బయటే 40 దాటుతుంది, మూసిన గదిలో రాక్ లోపల ఇంకా ఎక్కువ. చాలా ఆఫీసు స్విచ్‌లను 40 నుంచి 50 డిగ్రీల వరకే తయారుచేస్తారు. ఎగ్జాస్ట్ ఫ్యానైనా పెట్టించండి.

4. స్విచ్‌లు ఎక్కువుంటే జీరో టచ్ వాడండి

ఒకటీ రెండూ అయితే చేత్తో చేసుకోవడమే తేలిక. ఐదారు దాటినా, వరంగల్‌లోనో విజయవాడలోనో ఉన్న బ్రాంచికి పంపాలన్నా జీరో టచ్ ప్రొవిజనింగ్ పనికొస్తుంది. అక్కడి ఆఫీస్ బాయ్ కరెంటు, అప్‌లింక్ కేబుల్ (పై స్విచ్‌కో రౌటర్‌కో వెళ్లేది) గుచ్చితే చాలు, కాన్ఫిగ్‌ను (సెట్టింగులన్నీ ఉన్న ఫైల్) స్విచ్ దానంతటదే తెచ్చుకుంటుంది. రెండు దారులున్నాయి.

క్లౌడ్ దారి: బాక్సు మీద సీరియల్ నంబరునో క్యూఆర్ కోడ్‌నో కంపెనీ యాప్‌లో స్కాన్ చేసి, ముందే తయారుచేసిన టెంప్లేట్‌కు కట్టేయండి. స్విచ్‌కు ఇంటర్నెట్ తగలగానే టెంప్లేట్ దిగుతుంది. స్కానింగ్ మీ దగ్గర ఉన్నప్పుడే చేయండి. బాక్సు పంపేశాక ఫోన్‌లో అవతలివాళ్లతో సీరియల్ నంబరు చదివించుకుంటే సున్నాకూ ఓకూ తేడా తెలియక తల ప్రాణం తోకకొస్తుంది.

సొంత సర్వర్ దారి: డీహెచ్‌సీపీలో (పరికరాలకు ఐపీలు పంచేది) 66వ ఆప్షన్‌లో టీఎఫ్‌టీపీ సర్వర్ (ఫైళ్లు ఇచ్చేది) చిరునామా, 67వ ఆప్షన్‌లో కాన్ఫిగ్ ఫైల్ పేరు ఇస్తే చాలా స్విచ్‌లకు సరిపోతుంది. కొన్ని కంపెనీలు 43వ ఆప్షన్ అడుగుతాయి, మాన్యువల్‌లో చూసుకోండి.

ఇది పనిచేయకపోతే నూటికి తొంభై సార్లు కారణం ఈ మూడింట్లో ఒకటి:

- స్విచ్‌లో పాత కాన్ఫిగ్ ఉంది. "ఒకసారి చూద్దాం" అని ఎవరో లాగిన్ అయి సేవ్ చేసి ఉంటారు. ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.
- ఎవరో కన్సోల్ పెట్టి ఎంటర్ నొక్కారు. కొన్ని మోడళ్లలో అలా నొక్కగానే జీరో టచ్ ఆగిపోతుంది. ఓపిక పట్టండి, పది నిమిషాలు ముట్టుకోకండి.
- అప్‌లింక్‌లో ట్యాగ్ (ప్యాకెట్ ఏ వీల్యాన్‌దో చెప్పే గుర్తు) లేని వీల్యాన్‌కు డీహెచ్‌సీపీ గానీ ఇంటర్నెట్ గానీ లేదు. కొత్త స్విచ్‌కు మీ వీల్యాన్ల సంగతి తెలియదు, ట్యాగ్ లేకుండానే ఐపీ అడుగుతుంది. అందుకే ప్రతి ఆఫీసు ప్రధాన స్విచ్‌లో ఒక పోర్టును ఇలాంటి మొదటి పరిచయానికే విడిగా ఉంచుతాను.

డెస్క్ పోర్టుల్లో ఎల్ఎల్‌డీపీ (పరికరాలు ఒకదాన్నొకటి గుర్తించే పద్ధతి) ఆన్ చేసి, వాయిస్ వీల్యాన్ 20 అని చెప్పండి. ఐపీ ఫోన్ గుచ్చగానే అది తన వీల్యాన్‌లోకి, దాని వెనకున్న కంప్యూటర్ స్టాఫ్ వీల్యాన్‌లోకి వెళ్తాయి. సీట్లు మారిన ప్రతిసారీ మీకు ఫోన్ రాదు.

5. అప్‌లింకులు, లూపులు

రెండు అంతస్తుల స్విచ్‌ల మధ్య ఒక్క గిగాబిట్ కేబుల్ ఉంటే రెండు చేయండి, ఎల్ఏసీపీతో (రెండు కేబుళ్లను ఒకే లింకుగా కలిపే పద్ధతి) కట్టండి. ముందు రెండు వైపులా కాన్ఫిగ్ చేసి, తర్వాతే రెండో కేబుల్ గుచ్చండి. తిరగేసి చేస్తే, లూపులను ఆపే స్పానింగ్ ట్రీ ఆఫ్‌లో ఉంటే, లూప్ పడి అంతస్తు మొత్తం కూలుతుంది. ఇంకోటి: రెండు ఒక గిగాబిట్ కేబుళ్లు కలిస్తే ఒక ఫైల్ కాపీ రెండు గిగాబిట్లతో సాగదు. ఒక్కో ప్రవాహం ఒక్కో కేబుల్ మీదే వెళ్తుంది. ఒకే పెద్ద కాపీ వేగంగా కావాలంటే 10 గిగాబిట్ ఎస్ఎఫ్‌పీ ప్లస్ పోర్టులు వాడండి. రెండు స్విచ్‌లూ ఒకే రాక్‌లో ఉంటే పొట్టి డాక్ కేబుల్ (రెండు కొసలా ప్లగ్గులతో వచ్చే రాగి కేబుల్) చాలు.

డెస్క్ పోర్టులన్నింటికీ పోర్ట్‌ఫాస్ట్, బీపీడీయూ గార్డ్ పెట్టండి. పాత స్పానింగ్ ట్రీలో పోర్ట్‌ఫాస్ట్ లేకపోతే కేబుల్ గుచ్చాక 30 సెకన్లు పోర్టు తెరుచుకోదు, ఈలోపు కంప్యూటర్ ఐపీ రాలేదని చేతులెత్తేస్తుంది. బీపీడీయూ గార్డ్ లూప్ పడితే ఆ పోర్టును మూసేస్తుంది. అది దేనికంటే, ఊడ్చేటప్పుడు కింద పడిన కేబుల్ చూసి, పాపం సాయం చేద్దామని, రెండు కొసలూ రెండు గోడ జాకుల్లో గుచ్చేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

6. ఎవరు ముందు, ఎవరు వెనక

ఇదే క్యూఓఎస్. నాలుగు తరగతులు చాలు: గొంతు, వీడియో, మామూలు పని, బ్యాకప్‌లు. గొంతుకు డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద ఉండే ప్రాధాన్యం గుర్తు) 46, వీడియోకు 34, బ్యాకప్‌లకు 8, మిగతాదంతా 0. 46ను ప్రయారిటీ క్యూలో వేయండి, ఆ క్యూకు పోర్టు వేగంలో మూడో వంతుకు మించి ఇవ్వకండి.

డైరెక్టర్‌గారి ల్యాప్‌టాప్, అకౌంట్స్ వాళ్ల ట్యాలీ, హెచ్ఆర్ వాళ్ల వీడియోలు, అన్నింటినీ "హై"లో పెట్టమని అడుగుతారు. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు? నిర్మొహమాటంగా కాదనండి.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. స్విచ్‌లో "ట్రస్ట్ డీఎస్‌సీపీ" టిక్ పెట్టి అయిపోయిందనుకుంటారు. కానీ ల్యాప్‌టాప్ నుంచి వచ్చే ప్యాకెట్ మీద ఆ గుర్తు ఉండాలి కదా? విండోస్‌లో గ్రూప్ పాలసీ (ఆఫీసు కంప్యూటర్లన్నింటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపేది) ద్వారా పెట్టాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కైతే వాళ్లు సూచించే పోర్టుల (ఇవి స్విచ్ మీది పోర్టులు కావు, సాఫ్ట్‌వేర్ వాడే నంబర్లు) పరిధి ఇది: ఆడియో 50000 నుంచి 50019, వీడియో 50020 నుంచి 50039, స్క్రీన్ షేరింగ్ 50040 నుంచి 50059. గ్రూప్ పాలసీ లేని చిన్న ఆఫీసైతే అవే పోర్టులతో స్విచ్‌లో ఒక ఏసీఎల్ (ప్యాకెట్లను గుర్తుపట్టే నియమాల జాబితా) రాసి, ప్యాకెట్ లోపలికి వచ్చేటప్పుడే ఆడియోకు 46, వీడియోకు 34 గుర్తు వేయించండి.

7. పైపు సన్నబడే చోట పగ్గం వేయండి

మీ స్విచ్ పోర్టు 1000 ఎంబీపీఎస్, లైన్ అప్‌లోడ్ 100 అనుకుందాం. స్విచ్ నుంచి రౌటర్‌కు అంతా సాఫీగా పోతుంది, క్యూ కట్టేది రౌటర్‌లోనూ ఇంటర్నెట్ పెట్టెలోనూ. స్విచ్‌లో మీరు రాసిన ప్రయారిటీకి అక్కడ విలువ లేదు. మంచి క్యూఓఎస్ పెట్టాను, తేడా రాలేదు అనేవాళ్లందరి కథా ఇదే.

మేలైన దారి: ఫైర్‌వాల్‌లో అప్‌లోడ్‌ను అసలు వేగంలో 90 నుంచి 95 శాతానికి షేప్ చేయండి. 100 ఉంటే 92 పెట్టండి. బిల్లు మీద రాసిన అంకె కాదు, మీరు కొలిచిన అంకె తీసుకోండి.

రౌటర్‌లో ఆ సౌకర్యం లేకపోతే: స్విచ్‌లో రౌటర్ వైపు పోర్టుకు బయటికి వెళ్లే దిశలో 92 ఎంబీపీఎస్ షేపింగ్ పెట్టండి. క్యూ ఇప్పుడు స్విచ్‌లోనే కడుతుంది, మీ ప్రయారిటీకి ప్రాణం వస్తుంది. హెచ్చరిక: ఒక వీల్యాన్ నుంచి ఇంకో వీల్యాన్‌కు దారి చూపేది కూడా ఆ రౌటరే అయితే ఇది చేయకండి. స్టాఫ్ నుంచి సర్వర్‌కు వెళ్లే ఫైళ్లు కూడా 92లో ఇరుక్కుంటాయి.

షేపింగ్, పోలీసింగ్ ఒకటి కావు. షేపింగ్ ఆపి మెల్లగా పంపుతుంది, పోలీసింగ్ ఎక్కువైనదాన్ని పారేస్తుంది. 20 ఎంబీపీఎస్ పోలీసింగ్ పెట్టి, బర్స్ట్ సైజు (ఒక్కసారిగా వదలనిచ్చే మొత్తం) మరీ చిన్నగా ఇస్తే చేతికి వచ్చేది 20 కన్నా బాగా తక్కువే. గెస్ట్ వైఫైకి పరిమితి స్విచ్‌లో కాకుండా యాక్సెస్ పాయింట్లో మనిషికి ఇంత అని పెట్టండి. కెమెరాల పోర్టులకు అసలు వద్దు, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్) అదే ఆఫీసులో ఉంటే వాటి వీడియో మీ ఇంటర్నెట్‌ను తాకదు. సార్ ఇంట్లో కూర్చుని 16 కెమెరాలూ ఫోన్‌లో చూస్తున్నప్పుడు మాత్రం తాకుతుంది. అప్పుడు పగ్గం ఎన్‌వీఆర్ పోర్టుకు వేయండి.

8. సేవ్ చేయండి, కాపీ బయట దాచండి

చాలా స్విచ్‌లలో మార్చినది వెంటనే పనిచేస్తుంది, సేవ్ మాత్రం కాదు. మూడు నెలల తర్వాత కరెంటు పోయి వస్తే, మూడు నెలల కష్టం గాలికి. సేవ్ చేసి, కాన్ఫిగ్ ఫైల్‌ను ల్యాప్‌టాప్‌లోకీ దించండి.

దూరం నుంచి మారుస్తుంటే, పది నిమిషాల తర్వాత స్విచ్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా ముందు టైమర్ పెట్టండి. తలుపు మూసుకుపోతే పాత కాన్ఫిగ్‌తో తిరిగొస్తుంది. అంతా బాగుంటే టైమర్ రద్దు చేసి సేవ్ చేయండి. నేను ఇది నేర్చుకున్నది చెంపదెబ్బ తిన్నాకే. సిస్కో తరహా స్విచ్‌లో ట్రంక్‌కు (అన్ని వీల్యాన్లూ వెళ్లే లింకు) గెస్ట్ వీల్యాన్ కలుపుతూ "యాడ్" అనే మాట మర్చిపోయాను. 40 చేరడం కాదు, 40 తప్ప మిగతావన్నీ ఎగిరిపోయాయి, నా లాగిన్‌తో సహా. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పొద్దున తొమ్మిదిన్నర ట్రాఫిక్‌లో, ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక ఫోన్ ఎత్తుతూ వెళ్లాను.

9. సరిగ్గా వచ్చిందా? చూసుకోండి

ఒక ల్యాప్‌టాప్‌లో ఐపెర్ఫ్3ను సర్వర్‌గా, రెండో అంతస్తులోని ల్యాప్‌టాప్‌లో క్లయింట్‌గా నడపండి. గిగాబిట్ దారిలో 930, 940 ఎంబీపీఎస్ వస్తే పరీక్ష పాసైనట్టే. 94 దగ్గర ఆగితే ఎక్కడో పోర్టు 100కు పడిపోయింది. గిగాబిట్‌కు కేబుల్‌లో నాలుగు జతలూ కావాలి, ఒక తీగ తెగినా, ఎలుక కొరికినా చాలాసార్లు ఇలాగే అవుతుంది. క్రింపింగ్ మళ్లీ చేయించండి.

పోర్టు కౌంటర్లు సున్నా చేసి ఒక రోజు వదిలేయండి. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిన ప్యాకెట్లు) పెరుగుతుంటే కేబుల్‌నో కనెక్టర్‌నో అనుమానించండి. ఎర్రర్లు లేకుండా అవుట్‌పుట్ డ్రాపులు పెరుగుతుంటే అది రద్దీ, ఏ క్యూలో పడుతున్నాయో చూడండి. బ్యాకప్ క్యూలో పడితే పట్టించుకోకండి, అందుకే కదా పెట్టింది. 46 క్యూలో ఒక్కటి కూడా పడకూడదు. అసలు ఆ క్యూలో ప్యాకెట్ల లెక్కే సున్నాగా ఉంటే ఆరో అడుగులో గుర్తు వేయడం కుదరలేదన్న మాట, వెనక్కి వెళ్లండి.

తర్వాత అందరికీ చెప్పి, స్విచ్ ప్లగ్ పీకి మళ్లీ పెట్టండి. ఐదారు నిమిషాల్లో ఫోన్లు, కెమెరాలు, వైఫై అన్నీ మీరు చేయి పెట్టకుండానే లేవాలి. లేవనిది ఏదైనా ఉంటే అది ఈ రాత్రే తెలియడం మంచిది.

చివరిగా, మొదటి రోజు గొడవ వచ్చిన అదే గంటకు అదే పింగ్ మళ్లీ పెట్టండి. ఈసారి కావాలనే ఒక పెద్ద ఫైల్‌ను క్లౌడ్‌కు ఎక్కిస్తూ, పక్కన ఒక కాల్ నడుపుతూ చూడండి. ఆ మూడున్నర ఆఫీసులో ఇప్పుడు బ్యాకప్ నడుస్తున్నా పింగ్ 20 దాటడం లేదు. రెండో లైన్ కోసం తెప్పించుకున్న కొటేషన్ ఇంకా వాళ్ల టేబుల్ మీదే ఉంది, దాని మీద టీ కప్పు పెట్టుకుంటున్నారు.